బాన్సువాడ సీసాలో ఉన్నది చేపపిల్ల కాదు

ఈ ప్రయాణం సరదాకు చేసింది కాదని ముందే చెబుతున్నాను. నిజాంసాగర్ గేట్ల దగ్గర ఫొటోలు దిగాలనుకునేవాళ్ళు వేరే బ్లాగులు చూసుకోవచ్చు. ఎప్పుడో పనిచేసి వదిలేసిన ఊరికి, ముసలితనంలో, ఒక్కరోజులో వెళ్ళి రావాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు డెబ్భై నాలుగేళ్ళు. ముప్ఫై ఏళ్ళ కిందట బాన్సువాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు మాధ్యమం పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. ఒక వేసవిలో తమిళనాడు తీరంలో శిక్షణకు వెళ్ళినప్పుడు, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఇసుక జల్లెడ పట్టి, ఒక ఆంఫియాక్సస్‌ను సంపాదించాను. వేలెడు పొడవుండే జంతువు అది. రెండు కొసలా సన్నగా, దాదాపు అద్దంలా ఉంటుంది. దాన్ని ఫార్మలిన్‌లో పెట్టి, ఒళ్ళో పెట్టుకుని, రెండు రైళ్ళు మారి బాన్సువాడ తెచ్చాను. మా ప్రయోగశాలలో నా చేత్తో తెచ్చిన వస్తువు అదొక్కటే.

అప్పట్లో మా కాలేజీలో నరహరిరావు అని వృక్షశాస్త్రం అధ్యాపకుడు ఉండేవాడు. యాజమాన్యానికి దగ్గరివాడు కాబట్టి వైస్ ప్రిన్సిపాల్ కూడా. నేను సీసా బల్ల మీద పెట్టిన రోజే స్టాఫ్ రూములో అందరి ముందు అన్నాడు: "సముద్రం దాకా పోవుడెందుకయ్యా, గిసొంటివి మన నిజాంసాగర్ కాలువల బుట్టెడు దొరుకుతయ్. గది చేపపిల్ల." అందరూ నవ్వారు. ఆ నవ్వు ముప్ఫై ఏళ్ళుగా నా చెవుల్లోనే ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది. పోయిన నెల మా పాత సిబ్బంది వాట్సాప్ గ్రూపులో ఆయన మళ్ళీ అదే జోకు పెట్టాడు. "మన జంతుశాస్త్రం సారు సముద్రం నుంచి తెచ్చిన కాలువ చేప గుర్తుందా?" అని. కింద పదకొండు మంది నవ్వు ముఖాలు. లెక్కపెట్టాను కనుక చెబుతున్నాను.

ఆ కోపంలో ఉండగానే, బుధవారం సాయంత్రం గౌస్ ఫోన్ చేశాడు. గౌస్ మా ప్రయోగశాల అటెండరు. కాలేజీ మూతపడ్డాక కూడా భవనం తాళాలు అతని దగ్గరే ఉన్నాయి. "సార్, బిల్డింగ్ అమ్మిండ్రు. ల్యాబ్ సీసాలన్ని పారేస్తుండ్రు. శుక్కురారం నాల్గు గంటలకు ట్రాక్టర్ వస్తది. మీ సీసా మీకు గావాల్నంటే వచ్చి కొంచవోండ్రి" అన్నాడు. సీసా చేతికొస్తే భూతద్దం పెట్టి, ఫొటో తీసి, ఆ గ్రూపులో పెట్టొచ్చు. నరహరిరావు బతికుండగానే ఆ పని జరగాలి. నేను కూడా బతికుండగా. నాలుగు గంటల లోపల చేరకపోతే ఆ రుజువు చెత్తకుప్పలో పడుతుంది. ఈ ప్రయాణం మొదలైంది అలా.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో కామారెడ్డి బస్సు ఎక్కాను. సంచిలో భూతద్దం, బీపీ మాత్రలు, రెండు పెన్సిళ్ళు, సీసా చుట్టడానికి పాత తువ్వాలు. బాన్సువాడకు నేరుగా వెళ్ళే బస్సులూ ఉంటాయి, కానీ నా వయసువాళ్ళు కామారెడ్డిలో దిగి మారడమే మంచిది. ఎందుకో మగవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పదకొండుకు కాస్త ముందు కామారెడ్డి చేరాం. దిగి, ఆ పని చూసుకుని వచ్చేసరికి, ఎల్లారెడ్డి మీదుగా బాన్సువాడ వెళ్ళే బస్సు కళ్ళ ముందే కదిలిపోయింది. చెయ్యెత్తి అరిచాను. డెబ్భై నాలుగేళ్ళ గొంతు ఎంత దూరం పోతుంది? తర్వాతి బస్సు పన్నెండుంబావుకు. ఆ గంటా బెంచీ మీద కూర్చుని ఆరుసార్లు గడియారం చూసుకున్నాను. రెండు బస్సులకూ కలిపి మూడు వందలు దాటలేదు. ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్ దాకా టికెట్టు లేదు కాబట్టి సీటు కోసం కాస్త ముందుగా నిలబడండి.

బస్సులో నా పక్కన వెంకటరత్నం అనే రైతు కూర్చున్నాడు. బాన్సువాడ దగ్గర కాలువ కింద క్యాంపులో, అంటే వలస రైతులు కట్టుకున్న ఊళ్ళో, వాళ్ళకు పొలం ఉంది. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారట. నేను మాటిమాటికీ గడియారం చూడడం గమనించి, "ఆసుపత్రికా మాస్టారూ?" అని అడిగాడు. కాదు, ఒక సీసా కోసం అన్నాను. ఏం సీసా అన్నాడు. భయంలో ఉన్నప్పుడు పాఠం చెప్పుకుంటే నాకు కాస్త స్థిమితం. అందుకని చెప్పడం మొదలుపెట్టాను.

"మనకూ, బర్రెకూ, చేపకూ, పక్షికీ ఉమ్మడిగా నాలుగు లక్షణాలు ఉంటాయండీ" అని నాలుగు వేళ్ళు చూపించాను. "వీపు వైపు, పొడవునా, వంగే కర్రలాంటి ఆధారం. దాన్ని పృష్ఠవంశం అంటాం. దాని పైన గొట్టంలాంటి నాడీదండం. గొంతు గోడల్లో మొప్ప చీలికలు. మలద్వారం దాటి వెనక్కు సాగే తోక. పుట్టకముందైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు ఈ నాలుగూ ఉంటే అది కార్డేటా వర్గం. మనకు తల్లి కడుపులో ఉన్నప్పుడు పృష్ఠవంశం ఏర్పడి, తర్వాత దాని చోట్లో వెన్నెముక వస్తుంది. కానీ కొన్ని ఆదిమ జంతువులకు వెన్నెముక ఎప్పటికీ రాదు. వాటిల్లో రెండు రకాలు. ఒకటి ట్యునికేటా. దాని పిల్లకు తోకలో మాత్రం పృష్ఠవంశం ఉంటుంది, చక్కగా ఈదుతుంది. పెద్దయ్యాక ఒక రాయి చూసుకుని అతుక్కుంటుంది. అతుక్కోగానే తోకా, పృష్ఠవంశమూ, నాడీదండంలో చాలా భాగమూ కరిగిపోతాయి. నీళ్ళు పీల్చి వదిలే తిత్తి మిగులుతుంది." వైస్ ప్రిన్సిపాల్ కుర్చీకి అతుక్కున్నాక ఒకాయనకు ఏమేం కరిగిపోయాయో కూడా చెబుదామనుకున్నాను. బస్సులో ఎందుకులే అని ఆగాను.

"రెండోది?"

"సెఫలోకార్డేటా. నా సీసాలో ఉన్నది అదే. ముక్కు కొస నుంచి తోక కొస దాకా, బతికినంత కాలం, పృష్ఠవంశం ఉంటుంది. కానీ వెన్నుపూసలు లేవు, దవడలు లేవు, కళ్ళు లేవు, గుండె లేదు. ఇసుకలో ఒళ్ళు దాచుకుని, తల బయటపెట్టి, నీళ్ళు వడగట్టుకుని తింటుంది."

"అంటే చేపేనంటారా?"

"కాదు."

"మరి పురుగా?"

"పురుగూ కాదు."

వెంకటరత్నం నా వైపు తిరిగాడు. "మమ్మల్ని ఇక్కడ ఆంధ్రోళ్ళంటారు మాస్టారూ. గుంటూరు పెళ్ళికెళితే తెలంగాణోళ్ళొచ్చారంటారు. మీ సీసాలోది మా చుట్టమే అయ్యుంటది" అన్నాడు. నవ్వొచ్చింది. ఇలా చుట్టరికం పోగొట్టుకున్నది ఒకటి నిజంగానే ఉందని చెప్పాను. బెలనోగ్లాసస్ అనే సముద్రపు పురుగు మేము చదువుకునే రోజుల్లో మన వర్గంలోనే ఉండేది. దాని తొండం మొదట్లో ఉన్న చిన్న గొట్టాన్ని చూసి పృష్ఠవంశమే అనుకున్నారు. తర్వాత అది పృష్ఠవంశం కాదు, నోటి లోపలి నుంచి పెరిగిన తిత్తి అని తేల్చి, హెమీకార్డేటా అని వేరే వర్గం చేసి బయటికి పంపారు. "పాపం, దాని తప్పేముందండీ? చూసినోళ్ళదే కదా తప్పు" అన్నాడాయన. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆ సాయంత్రం నాకు గుర్తొచ్చింది.

ఎల్లారెడ్డి దాటాక వడ్ల బస్తాల ట్రాక్టరు ఒకటి రోడ్డుకు అడ్డంగా ఒరిగి ఉంది. బస్తాలు దింపాలి, ట్రాలీ లేపాలి, మళ్ళీ ఎత్తాలి. ఒంటిగంటన్నర అయింది. గౌస్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ చేశాను. ఈసారి స్విచాఫ్. ఎండ, చెమట, పక్కనే బీపీ మాత్రల డబ్బా. నా మనసు పోని చోటు లేదు. సీసాలు అప్పుడే పారేశారేమో, గౌస్ ముఖం చాటేస్తున్నాడేమో, అసలు నరహరిరావే పిలిపించి మరో జోకుకు సరుకు తయారు చేస్తున్నాడేమో. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఒకవేళ అది నిజంగానే చేపపిల్ల అయితే? ఆ రోజు నీళ్ళలో నా చూపు ఎంత? శిక్షణ ఇచ్చినాయన తలూపాడు, అంతే. ముప్ఫై ఏళ్ళుగా నేను దాన్ని భూతద్దం కింద పెట్టి నాకోసం నేను చూసుకోలేదు. అవసరం లేదనుకున్నాను. నిజానికి ధైర్యం లేదు.

మూడూ పదికి బాన్సువాడలో దిగాను. ఆటో ఎక్కి కాలేజీ పేరు చెబితే డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. "గా కాలేజా? గది బందయ్యి మస్తు దినాలైంది పెద్దయ్యా. ఇగ ఫంక్షన్ హాల్ అయితదంట. ఎవ్వలకన్న అడ్మిషన్ గావాల్నా ఏంది?"

"నాకే" అన్నాను.

"మంచిగ చదువుకోండ్రి ఇగ" అని నవ్వి, యాభై రూపాయలకు గేటు ముందు దింపాడు.

గేటు తీసే ఉంది. మెట్లెక్కి ప్రయోగశాలలోకి వెళ్ళాను. గది ఖాళీ. అల్మారాల అరల మీద సీసాలు ఉన్న చోట్ల గుండ్రటి మచ్చలు మాత్రం ఉన్నాయి. కింద గాజుపెంకులు, ముక్కులు అదిరే ఫార్మలిన్ వాసన. మూడో అరలో కుడి చివర మచ్చ నా సీసాది. దాని మీద వేలు పెట్టి నిలబడ్డాను. నరహరిరావు గెలిచాడని అనుకున్నాను. అంత చిన్న మాటే వచ్చింది మనసులోకి.

"సార్, గట్ల నిలవడ్డరేంది? కూసోండ్రి" అని వెనక నుంచి గౌస్ గొంతు. తెల్ల టోపీ, నెరిసిన గడ్డం, మనిషి సగమయ్యాడు.

"ఫోన్ ఎందుకు ఎత్తలేదు గౌస్?"

"జుమ్మా గదా సార్. నమాజుకు వోతే ఫోన్ బంద్ వెడ్త."

శుక్రవారం ఒంటిగంటన్నరకు గౌస్ ఎక్కడ ఉంటాడో, పక్కన పనిచేసిన నాకు తెలిసి ఉండాలి. ఏడేళ్ళపాటు ప్రతి శుక్రవారం ఆ వేళకు తాళాలు నా చేతికే ఇచ్చి వెళ్ళేవాడు.

"ట్రాక్టరు?"

"నాల్గు గంటలకని పొద్దుగాల పదకొండుకే వచ్చిండ్రు. మీకు ఫోన్ జేద్దామనుకున్న, బస్సుల ఉంటరు, బీపీ వెరుగుతదని చెప్పలే. మీ సీసా యాడికి వోలే, ఫికర్ జేయకుండ్రి. దిగంబర్ కాడ ఉంది."

"ఏ దిగంబర్?"

"గదే సార్, డోంగ్లి పోరడు. మీరు సున్న ఏస్తిరి గదా."

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి, నాకు ఇష్టం లేకపోయినా. దిగంబర్ మహారాష్ట్ర సరిహద్దు పక్కన ఉన్న డోంగ్లి నుంచి వచ్చి మా కాలేజీలో చేరిన కుర్రాడు. నరహరిరావు ఇంటి వెనక గదిలో అద్దెకు ఉండేవాడు. నరహరిరావు కాలువ చేప జోకు వేసిన వారానికే నేను ఒక ప్రాక్టికల్ పరీక్ష పెట్టాను. ఆంఫియాక్సస్ సీసా బల్ల మీద పెట్టి, గుర్తించి ఒక ముఖ్య లక్షణం రాయమన్నాను. రెండు మార్కులు. దిగంబర్ రాసింది ఇది: "ఇది ఆంఫియాక్సస్. దీనికి పృష్ఠవంశం లేదు." పృష్ఠవంశం లేకపోతే అది ఆంఫియాక్సస్ కానే కాదు. ఇంటి యజమాని మాటను కుర్రాడు నా పరీక్షలో నా మొహాన కొట్టాడని అనుకున్నాను. సున్నా వేశాను. ఊరుకోకుండా క్లాసులో నిలబెట్టాను. "పృష్ఠవంశం లేనిది దానికి కాదురా, నీకు. ఎవరి గదిలో ఉంటే వాళ్ళ పాట పాడతావు" అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఆ తర్వాత పిల్లలు అతన్ని ఏమని పిలిచారో నాకు తెలుసు. నెల తిరగకుండా కాలేజీ మానేసి వెళ్ళిపోయాడు. పశువుల డాక్టరు కావాలని చేరిన పిల్లవాడు.

ఇప్పుడు నా రుజువు అతని చేతిలో ఉంది. దాన్ని నేలకేసి కొట్టినా అడగడానికి నాకు నోరు లేదు. గౌస్ చెప్పినదాన్ని బట్టి, పొద్దున ట్రాక్టరు రాగానే దిగంబర్‌కు ఫోన్ చేశాడు. అతను బండి మీద వచ్చి, ట్రాలీలో పడబోతున్న సీసాను తీసి పట్టుకెళ్ళాడు. ఇప్పుడు పిట్లం వైపు ఒక ఊళ్ళో ఈనలేక అవస్థ పడుతున్న బర్రె దగ్గర ఉన్నాడు. వస్తానన్నాడు. ఎప్పుడో చెప్పలేదు. కామారెడ్డికి నాకు బస్సు అయిదున్నరకు.

బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో కూర్చున్నాం. మిర్చి బజ్జీ బాగుంటుంది, తినండి. నేను మాత్రం తినలేకపోయాను. కడాయి దగ్గర ఉన్నామె "ఏం సార్, కారమైందా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "గట్లయితే ప్లేటు దిక్కు గట్లెందుకు సూస్తుండ్రు, గది మిమ్మల్ని కరుస్తదా?" అంది. గౌస్ నా బజ్జీలు కూడా తిని, సీసా సంగతి చెప్పాడు. నేను వెళ్ళిపోయాక ఏటా వానాకాలం ముందు దాని మూత తీసి, తగ్గిన మందునీళ్ళు నింపేవాడట. ఎందుకని అడిగాను. "మీరు ఒళ్ళె వెట్టుకొని తెచ్చిండ్రు గదా సార్. చంటిపిల్లను తెచ్చినట్టు" అన్నాడు. నాలుగున్నర అయింది. పావు తక్కువ అయిదు అయింది. బండి చప్పుడైన ప్రతిసారీ లేచి నిలబడ్డాను.

అయిదుకు అయిదు నిమిషాలుండగా దిగంబర్ వచ్చాడు. తల సగం నెరిసింది. మోచేతుల దాకా కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. బండి వెనక టీకాల మందులు పెట్టే మంచుడబ్బా కట్టి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో పశువులకు సూదులు వేస్తాడు, ఈతలు చూస్తాడు. జనం డాక్టర్ సాబ్ అని పిలుస్తారని గౌస్ చెప్పాడు. మూత తీస్తే డబ్బాలో గడ్డి, గడ్డి మధ్య నా సీసా.

"నమస్తే సార్. దూడ అడ్డం తిరిగింది. లేటయ్యింది."

"బతికిందా?"

"తల్లి, దూడ, రెండు బతికినయ్" అన్నాడు. ఆ వేళప్పుడు నేను అడిగినందుకు కాస్త ఆశ్చర్యపోయినట్టున్నాడు.

సీసా బల్ల మీద పెట్టాడు. బయట అంటించిన లేబుల్ నరహరిరావు స్టాకు తనిఖీలో సిరాతో రాయించింది. ఏటా నింపేటప్పుడు మందు ఒలికి ఒక్క అక్షరం మిగల్లేదు, పసుపు కాగితం తప్ప. లోపల, మందులో మునిగి, నేను పెన్సిల్‌తో రాసిన చీటీ మాత్రం నిన్న రాసినట్టు ఉంది. భూతద్దం తీశాను. అది గాజుకు తగిలి టక్కుమంది. దిగంబర్ సీసాను కదలకుండా పట్టుకుని, వెలుతురుకు ఎత్తాడు.

చేప పక్కలో కండరాలు ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరాల్లా మెలికలు తిరుగుతాయి. ఆంఫియాక్సస్‌లో వరసగా పేర్చిన 'వి' అక్షరాల్లా ఉంటాయి, పక్కకు పడుకోబెట్టినట్టు. చూశాను. వి, వి, వి, వి, ముక్కు దగ్గర్నుంచి తోక దాకా. కళ్ళు లేవు. దవడలు లేవు. ఫోనుతో నాలుగు ఫొటోలు తీశాను. అప్పుడు, గెలిచినవాడి పొగరుతో, ముప్ఫై ఏళ్ళుగా అడగాలనుకున్నది అడిగేశాను.

"ఇప్పుడైనా చెప్పు. ఆ రోజు నీతో ఆ జవాబు రాయించింది నరహరిరావే కదా?"

"ఏ జవాబు సార్?"

"దీనికి పృష్ఠవంశం లేదని."

దిగంబర్ నన్ను చూశాడు, గౌస్‌ను చూశాడు. "నరహరిరావు సార్ నాతోని కిరాయి తప్ప ఇంకో మాట మాట్లాడకపోతుండె. నేను పదో తరగతి దాంక మరాఠీ మీడియం సార్. మా పుస్తకంల పృష్ఠవంశ అంటే వెన్నుబొక్క. వెన్నుబొక్క ఉన్న జంతువులను పృష్ఠవంశీయ అంటరు. మరి దీనికి వెన్నుబొక్క ఉన్నదా? లేదు గదా. గదే రాసిన."

"మరి... మేము పృష్ఠవంశం అనేదాన్ని?"

"దాన్ని పృష్ఠరజ్జు అంటరు మరాఠీల. అప్పుడు నాకు ఎరుక లేదు, మీ తెలుగుల గదే మాట వేరేదానికి వెట్టిండ్రని. సున్న ఎందుకేసిండ్రో ఏండ్లకు సమజైంది, పశువుల ట్రైనింగ్‌ల రెండు పుస్తకాలు పక్కపక్కన వెట్టి చదివినప్పుడు."

నేను బాగా చదువుకున్నవాణ్ణని అనుకునేవాణ్ణి. సంస్కృత నిఘంటువు నా బల్ల మీదే ఉండేది. ఆ మాటకు అసలు అర్థం వెన్నెముక అని అందులో ఉంది, ఎప్పుడో చదివాను కూడా. తెలుగు పాఠ్యపుస్తకం ఆ మాటను వేరే పనికి వాడుకుందని, సరిహద్దు దాటితే అది పాత పనే చేస్తోందని, డోంగ్లి పిల్లలకు పాఠం చెబుతూ ఒక్కసారి అనుకోలేదు. గొట్టాన్ని చూసి పృష్ఠవంశం అనుకున్నవాళ్ళను బస్సులో వెక్కిరించి వచ్చాను. వెంకటరత్నం అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

"అప్పుడే నాకు చెప్పొచ్చు కదయ్యా" అన్నాను. ఎంత నీచమైన మాటో నోరు దాటాక తెలిసింది.

"చెప్పనిచ్చిండ్రా సార్ మీరు?" అన్నాడు, గొంతు పెంచకుండా. తర్వాత నవ్వాడు. "మస్తు కోపముండె. మా ఇంట్ల ఒక బర్రెకు మీ పేరు వెట్టిన. దగ్గరికి వోతే తన్నేది."

"పాలిచ్చేదా?" గౌస్ అడిగాడు.

"ఇచ్చేది గని, తన్నినంక."

అయిదుంబావు. బస్సు వచ్చి ఆగింది. దిగంబర్ సీసాను నా వైపు జరిపాడు. డోంగ్లి బడిలో పెడదామని దాన్ని కాపాడాడట. అక్కడ మరాఠీ మాధ్యమం పిల్లలూ, తెలుగు మాధ్యమం పిల్లలూ ఉన్నారు. "మీదే గదా సార్. గావాల్నంటే కొంచవోండ్రి" అన్నాడు. కావాలి. ఆ సీసా నాకు ఎంత కావాలో ఆ ఇద్దరికీ తెలియదు. నేను తువ్వాలు తీయలేదు. సంచిలోంచి పెన్సిలూ, నోటు పుస్తకంలోంచి ఒక కాగితం ముక్కా తీసి, పాత జవాబును దిద్ది ఇలా రాశాను: "ఆంఫియాక్సస్. సెఫలోకార్డేటా. దీనికి మరాఠీలో పృష్ఠరజ్జు, తెలుగులో పృష్ఠవంశం అనేది ఉంది. మరాఠీలో పృష్ఠవంశ, తెలుగులో వెన్నెముక అనేది లేదు." కింద దిగంబర్ చేత మరాఠీలో రాయించాను. అతని చేతిరాత గుర్తుపట్టాను. ఏమీ మారలేదు.

చీటీ తిప్పి, వెనక వైపు రెండుకు రెండు వేసి, సంతకం చేసి ఇచ్చాను.

దిగంబర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇప్పుడు గీ రెండు మార్కులు ఏం జేస్కోను సార్? బర్లు అడుగుతయా?" అన్నాడు. కండక్టరు రైట్ రైట్ అంటున్నాడు. దిగంబర్ సీసా మూత తిప్పి, చీటీని మడవకుండా, మార్కుల వైపు గాజుకు ఆనేలా మందులోకి జార్చి, మూత బిగించాడు. నేను బస్సెక్కాను.

దారిలో గ్రూపులో ఫొటోలు పెట్టాను. కింద ఇలా రాశాను: "నరహరిరావు గారూ, ఇది చేపపిల్ల కాదు. కండరాలు చూడండి. దీని మీద డోంగ్లి విద్యార్థి దిగంబర్ రాసిన జవాబు సరైనది. సున్నా వేసి, క్లాసులో అవమానించింది నేను. తప్పు నాది." చివరి మూడు వాక్యాలు రాయడానికి ఎల్లారెడ్డి దాకా పట్టింది. కామారెడ్డిలో దిగుతుండగా నరహరిరావు జవాబు వచ్చింది. ఒక బొటనవేలు. ముప్ఫై ఏళ్ళ పగకు ఒక పసుపు బొటనవేలు. ఆయన్ను నేను క్షమించలేదు, ఇకపైన క్షమించే ఉద్దేశమూ లేదు. కానీ ఆ రాత్రి ఇంటికి చేరి పడుకుంటే నిద్ర పట్టనివ్వనిది ఆయన నవ్వు కాదు, "చెప్పనిచ్చిండ్రా సార్ మీరు?" అన్న మాట. ఎవరి మీదో పాత లెక్క తేల్చుకోవాలని మీరు మీ పాత ఊరికి వెళుతుంటే, అక్కడ మీ పేరు మీద కూడా ఒకటి ఉండొచ్చు. అది వినడానికి సరిపడా టైము పెట్టుకుని వెళ్ళండి. నేను ముప్ఫై అయిదు నిమిషాలు పెట్టుకున్నాను. చాలలేదు.

ఒక్క సలహా. సిరా పెన్ను ఇంటి దగ్గరే వదిలేసి పెన్సిల్ తీసుకెళ్ళండి. సిరా మందులో కరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసింది ఉంటుంది, మార్కులతో సహా.